కోరిన బ్రాంచి బదులు మరో బ్రాంచి ఇస్తామంటే డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. నాలుగెకరాల సొంత భూమి, ఐదెకరాల కౌలు, ఒక పొగాకు బ్యారన్ (ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం) ఉన్నాయి. మా అమ్మాయి చెన్నైలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తు చేస్తే, ఆ సీట్లు నిండాయని, బదులుగా బయోటెక్నాలజీ ఇస్తామని, పది రోజుల్లో మొదటి ఏడాది ఫీజు కట్టాలని చెప్పారు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి రూ.4 లక్షలు అవుతుంది. ఇప్పటికే రూ.50,000 కట్టాం. ఇక్కడ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఒంగోలు కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంది. రూ.6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వాడి, మిగతా రూ.10 లక్షలు విద్యారుణం తీసుకుందామనుకుంటున్నాం. అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. మీ అమ్మాయి అడిగిన చదువు మారిపోయింది గానీ, దానికి వారు చెప్పిన ధర మాత్రం మారలేదు. రూ.16 లక్షల ఖర్చుకు మీరు మనసును సిద్ధం చేసుకున్నది కంప్యూటర్ సైన్స్ కోసం. అదే మొత్తాన్ని ఇప్పుడు బయోటెక్నాలజీకి పెట్టవలసి వస్తోంది. ఈ సీటు మొదటే, దానంతట అదే మీ ముందుకు వచ్చి ఉంటే చెన్నై వరకు వెళ్లి ఇంత డబ్బు కట్టేవారా అని ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి ప్రశ్నించుకోండి. బయోటెక్నాలజీ తక్కువ చదువని నేను అనడం లేదు. అయితే ఆ రంగంలో మంచి ఉద్యోగం కావాలంటే చాలా సందర్భాల్లో బీటెక్‌తో ఆగకుండా పైచదువు కూడా చదవాలి కాబట్టి, ఖర్చు నాలుగేళ్లతో ముగుస్తుందని లెక్క వేసుకోకూడదు.

ఇక రుణం సంగతి. ఏటా రూ.2.5 లక్షల చొప్పున 10.5 శాతం వడ్డీకి తీసుకున్నారని అనుకుందాం. చదువు నాలుగేళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టనవసరం లేదని బ్యాంకు చెబుతుంది గానీ, ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బారువడ్డీ లెక్కనే అది సుమారు రూ.3,67,500 అవుతుంది. అంటే వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు రూ.13.67 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.18,450 చొప్పున, మొత్తం రూ.22 లక్షలకు పైగా కట్టాలి. అంతకంటే ముందు మరో చిక్కు ఉంది. రూ.7.5 లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి, వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు వెనుకాడతాయి, కాబట్టి చివరకు మీ ఇంటి పత్రాలే ఇవ్వవలసి రావచ్చు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద హామీ లేకుండా రుణం దొరుకుతుంది, అయితే ఆ విద్యాసంస్థ పథకం జాబితాలో ఉండి, ప్రవేశం ప్రతిభ ఆధారంగా జరిగి ఉండాలి.

మీ ఆదాయం నెల జీతం లాంటిది కాదు. పొగాకు వేలంలో ధర ఏడాదికో తీరుగా ఉంటుంది. పోనీ పంట పెంచి ఆదాయం పెంచుకుందామన్నా, ఒక్కో బ్యారన్‌కు ఇంత అని పొగాకు బోర్డు పరిమితి విధిస్తుంది. ధర పడిపోయిన ఏడాదిలో కౌలు ఆగదు, కూలి ఆగదు, బ్యాంకు వాయిదా అసలే ఆగదు. పైగా అమ్మాయి చదువు పూర్తయ్యే ఏడాదే అబ్బాయి ఇంటర్ ముగించి కళాశాల గడపలో నిలబడతాడు. అప్పటికి డిపాజిట్ ఖాళీ అయి, మరుసటి ఏడాది నుంచే అక్క అప్పు వాయిదాలు మొదలవుతాయి. మీ కుటుంబానికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కాబట్టి ఒంగోలు సీటునే తీసుకోమని నా సలహా. ఈసీఈ చదివిన వారికి ఎలక్ట్రానిక్స్ రంగంతో పాటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల దారి కూడా తెరిచే ఉంటుంది. కౌన్సెలింగ్ తుది విడత ఇంకా మిగిలి ఉంటే కంప్యూటర్ సైన్స్ కోసం మళ్లీ ఆప్షన్లు పెట్టవచ్చు. కొత్త సీటు వస్తే పాతది పోతుంది కనుక, నిజంగా చేరదలచిన కళాశాలలనే ఎంచుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే గానీ యాజమాన్య కోటాకు, మిగిలిన సీట్లను కళాశాలే నింపుకునే స్పాట్ ప్రవేశాలకు వర్తించదు. అందువల్ల ఇప్పుడు ఈ సీటు వదులుకుని, తర్వాత అదే కళాశాలలో ఆ దారుల్లో చేరితే ఆ సౌకర్యం పోతుంది. ప్రభుత్వ నిధులు ఆలస్యమైన సందర్భాల్లో కళాశాలలు ముందు మిమ్మల్ని కట్టమని అడగవచ్చు, కనుక డిపాజిట్‌లో రూ.1 లక్షను విడిగా, వెంటనే తీసుకోగలిగేలా ఉంచండి. బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ఒక ల్యాప్‌టాప్ అన్నీ కలిపినా నాలుగేళ్లకు రూ.3 లక్షలు దాటకపోవచ్చని నా అంచనా. మిగిలిన డబ్బును అబ్బాయి చదువు పేరిట కదపకుండా ఉంచవచ్చు.

కట్టిన రూ.50,000 పోతుందేమోనన్న భయంతో మరో రూ.15.5 లక్షలు కట్టడానికి సిద్ధపడవద్దు. ప్రవేశం రద్దు చేసుకుంటే ఎంత శాతం వాపసు ఇవ్వాలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నాటి ఆదేశాల్లోనే గడువుల వారీగా చెప్పింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే రాస్తే దాదాపు మొత్తం తిరిగి రావాలి, ఆలస్యమయ్యే కొద్దీ అది తగ్గిపోతుంది. అందుకే రద్దు కోరుతూ ఈ వారమే ఈమెయిల్ పంపి, రసీదు ప్రతిని జతచేయండి. అమ్మాయి అసలు సర్టిఫికెట్లు అక్కడ ఇచ్చి ఉంటే వాటినీ అడగండి, వాటిని తమ దగ్గర ఉంచుకునే హక్కు సంస్థకు లేదు.

నా సలహా మారే సందర్భం ఒక్కటే ఉంది. మొదటి ఏడాది తర్వాత కంప్యూటర్ సైన్స్‌కు మారుస్తామన్న మాట నమ్మి కాక, జీవశాస్త్రం మీద నిజమైన ఇష్టంతో అమ్మాయే ఆ చదువు కోరుకుంటే, మన రాష్ట్రంలోనే తక్కువ ఖర్చుతో బయోటెక్నాలజీ చదివే దారులు ముందు వెతకండి. బ్రాంచి మార్పు హామీ ఎవరైనా ఇచ్చి ఉంటే, ఎన్ని సీట్లు ఉంటాయో, ఎన్ని మార్కులు రావాలో రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట మీద ఇంటి పత్రాలు బ్యాంకుకు ఇవ్వకండి. మీరు ఉత్తరమంతా రాశారు గానీ అమ్మాయి ఏమంటోందో ఎక్కడా రాయలేదు; పది రోజుల గడువులో మొదటి రోజును ఆ మాట వినడానికే కేటాయించండి.