నెల్సన్ 20 ఏళ్లకే కెప్టెన్ ఎలా అయ్యాడు?

ప్రతిభకు మేనమామ అండ తోడైంది. 1771లో 12 ఏళ్ల హొరేషియో నెల్సన్‌ను (తర్వాత బ్రిటిష్ నౌకాదళ వీరుడిగా పేరొందినవాడు) మేనమామ మారిస్ సక్లింగ్ తన యుద్ధనౌకలో చేర్చుకున్నాడు.

నౌకాదళంలో అధికారి హోదాకు తొలిమెట్టయిన లెఫ్టినెంట్ కావాలంటే ఆరేళ్లు సముద్రం మీద పనిచేసి ఉండాలి, 20 ఏళ్లు నిండాలి. ఆపైన మౌఖిక పరీక్ష: తాళ్లు ముడివేయడం, అతకడం, గాలి ముదిరితే తెరచాప కుదించడం, మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం కట్టడం. 1777 ఏప్రిల్‌లో ఇది నెగ్గేనాటికి నెల్సన్‌కు 18 ఏళ్లే. మేనమామ అప్పటికి నౌకాదళ నిర్వహణ చూసే నేవీ బోర్డుకు కంట్రోలర్, అంటే అధిపతి! అయితే పరీక్ష నెగ్గినా ఓడలో ఖాళీ దొరక్క మిడ్‌షిప్‌మన్‌లుగానే (లెఫ్టినెంట్ కంటే కింది శిక్షణార్థులుగానే) మిగిలిపోయినవాళ్లు చాలామంది. నెల్సన్‌కు వెంటనే దొరికింది.

జమైకాలో అడ్మిరల్ పీటర్ పార్కర్ అతన్ని 1778లో కమాండర్‌ను, 1779 జూన్‌లో 28 ఫిరంగుల హించిన్‌బ్రూక్ ఓడకు కెప్టెన్‌ను చేశాడు. అసలు కీలకం ఈ తేదీయే. అక్కణ్ణుంచి పదోన్నతి సీనియారిటీ ప్రకారమే. ఎంత చిన్న వయసులో కెప్టెన్ల జాబితాకెక్కితే అంత తొందరగా అడ్మిరల్ అవుతారు. నెల్సన్ 1797లో, 38 ఏళ్లకు రియర్ అడ్మిరల్ అయ్యాడు.

హోదా ఉన్నంత మాత్రాన ఓడ ఇస్తారని కాదు. 1787 చివరి నుంచి 1793 జనవరిలో అగమెమ్నాన్ ఓడ చేతికొచ్చేదాకా అతను సగం జీతంతో ఇంటిపట్టునే ఉన్నాడు.