కథ కంచికి వెళ్ళాక

ప్రశ్న: మాది ప్రేమ వివాహం, పదహారు నెలలైంది. పెద్దల్ని ఒప్పించడానికే రెండేళ్ళు పట్టింది. ఇప్పుడాయన రాత్రి ఎనిమిదిన్నరకి వస్తారు, క్యారేజీ సింకులో పెట్టి ఫోను పట్టుకుంటారు. తిట్టడం, కొట్టడం లేవు. కానీ ఇందుకేనా అంత పోరాడాం అనిపిస్తోంది. నా ఎంపిక తప్పా?
- ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: దీన్నిబట్టి తప్పని చెప్పలేం అమ్మా. రాకుమారుడి కథ పెళ్ళిపందిట్లో ఆగుతుంది. 'కథ కంచికి, మనం ఇంటికి' అంటాం. ఆ ఇంటి సంగతి కథలో ఉండదు. పైగా ఆ రెండేళ్ళూ దొంగచాటుగా వచ్చే ప్రతి ఫోనూ మీకు పండగే. ఇప్పుడు దాచాల్సిందీ లేదు, గెలవాల్సిందీ లేదు.

మనసు సుఖానికి తొందరగా అలవాటుపడుతుంది. 1978లో అమెరికాలో 22 మంది లాటరీ విజేతల్ని, గెలవని మరో 22 మందిని పోల్చి చూస్తే సంతోషంలో పెద్ద తేడా కనబడలేదు. స్నేహితులతో కబుర్లు, పొద్దున టిఫిను లాంటి చిన్న ఆనందాలు గెలిచినవాళ్ళకే తగ్గాయి. జర్మనీలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ప్రచురించిన పరిశోధనలో, పెళ్ళి తెచ్చిన ఆనందం సగటున రెండేళ్ళలో మునుపటి స్థాయికి దిగింది. అందరికీ కాదు. కొందరిలో పెరిగి నిలిచింది కూడా.

'నన్ను పట్టించుకోరు' అంటే ఆయనకి నింద వినిపిస్తుంది గానీ ఏం చెయ్యాలో తెలియదు. 'భోంచేశాక ఇరవై నిమిషాలు ఫోన్లు గదిలో వదిలేసి డాబా మీద కూర్చుందామా?' అనండి. గుమ్మంలోకి రాగానే కాదు, అన్నం తిన్నాక అడగండి. వారానికి మూడు రోజులు చాలు. రోజూ అని పెట్టుకుంటే మొదటి వారమే తప్పుతుంది, అదొక కొత్త నిరాశ. ఆ కాసేపు అప్పులు, అత్తమామల మాటలు వద్దు. మొదట్లో మౌనంగానే గడుస్తుంది, కంగారు పడకండి. 'ఎలా గడిచింది?' అంటే 'బాగానే' అంటారు. 'ఇవాళ ఎవరు విసిగించారు?' అని అడిగితే మాట కదులుతుంది. మూడు వారాలు ఆగి చూడండి.

ఒక ఆదివారం కళింగపట్నం తీరానికి, ఇంకో ఆదివారం మీ ఊళ్ళోనే కథకులు కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్ళండి. ప్రతివారం ఒకేచోటికైతే అదీ అలవాటైపోతుంది.

నిద్ర, ఆకలి తగ్గి, దిగులు రెండు వారాలు దాటితే మాత్రం అది పెళ్ళి సంగతి కాకపోవచ్చు. డాక్టరుకి చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోను చెయ్యండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.