విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు

ప్రశ్న: నా భర్త తాగి వచ్చి కొడుతుండడంతో పాపను తీసుకొని రాజమహేంద్రవరంలోని అత్తవారింటి నుంచి గాజువాకలోని పుట్టింటికి వచ్చేశాను. ఇప్పుడాయన నేను పనిచేసే దుకాణం దగ్గరికి వచ్చి గొడవ చేస్తున్నారు. ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి నాకక్కడ హక్కు లేదంటున్నారు. విడాకులు కోరకుండా, ఆయనను జైలుకు పంపకుండా ఈ వేధింపులు ఆపించుకోగలనా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: ఆపించుకోవచ్చు. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహ హింస చట్టం ఇందుకే వచ్చింది. దీని కింద రక్షణ కోరడానికి విడాకుల కేసుగానీ, పోలీసు కేసుగానీ ముందుగా ఉండాలన్న నియమం లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు కోర్టులో 12వ సెక్షను కింద దరఖాస్తు వేయవచ్చు కనుక మీరు రాజమహేంద్రవరం వెళ్లనక్కరలేదు.

మీ వంటివారి దరఖాస్తుల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. పెళ్లినాటి లాంఛనాల దగ్గర మొదలుపెట్టి అన్ని బాధలూ రాస్తారుగాని, కోర్టు ఏమి ఆపాలో స్పష్టంగా అడగరు. భర్త మిమ్మల్ని కొట్టకూడదని, దుకాణానికీ, పాప బడికీ రాకూడదని, ఫోనులోనూ, ఇతరుల ద్వారానూ వేధించకూడదని విడివిడిగా కోరండి. ఏ రోజున ఏమి జరిగిందో రాసి, ఆసుపత్రి చీటీలు, ఫోనులోని సందేశాలు జతచేయండి. వీటితోపాటు 23వ సెక్షను కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోగా అమల్లో ఉండే ఉత్తర్వు, కావాలని ప్రమాణపత్రంతో అడగడం మరవకండి. పరిస్థితి తీవ్రంగా ఉందని మేజిస్ట్రేటు భావిస్తే అవతలివారు హాజరు కాకముందే ఉత్తర్వు ఇవ్వవచ్చు. మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో కేసు ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో వాయిదాలు పడుతుంటాయి కాబట్టి ఈ మధ్యంతర ఉత్తర్వే మీకు ముందుగా అక్కరకు వస్తుంది.

ఇంటి సంగతికి వస్తే, మీ భర్త మాట పూర్తిగా నిజం కాదు. భర్తతో కలిసి కాపురం చేసిన ఇల్లు అత్తమామల సొంతమైనా అది ఉమ్మడి నివాసం, అంటే కోడలికి ఉండే హక్కున్న ఇల్లు, కావచ్చునని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ ఆహుజా కేసులో తేల్చింది. అయితే ఈ హక్కుకు పరిమితులున్నాయి. మిమ్మల్ని ఆ ఇంట్లోనే ఉంచాలని కాక, వేరే వసతి చూపించాలని గాని, అద్దె చెల్లించాలని గాని కోర్టు ఆదేశించవచ్చు. తిరిగి వెళితే దెబ్బలు తప్పవనుకుంటే అద్దె కోరడమే మేలని నా అభిప్రాయం. పాప సంరక్షణ, పోషణ ఖర్చులు కూడా ఇదే దరఖాస్తులో అడగవచ్చు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది; విశాఖపట్నం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి, లేదా 15100కు ఫోను చేయండి. జరిగిన హింసపై నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపడం ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారి బాధ్యత. ఆ అధికారి వివరాలు తెలియకపోతే 181 మహిళా హెల్ప్‌లైనులో అడగండి.

రక్షణ ఉత్తర్వు ఇవ్వడంతోనే మీ భర్త జైలుకు వెళ్లరు. దాన్ని ఉల్లంఘిస్తే మాత్రం అది బెయిలు హక్కుగా దొరకని నేరం; ఏడాది వరకు జైలు, రూ.20,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉత్తర్వు ప్రతిని కోర్టు మీకు ఉచితంగా ఇస్తుంది, పోలీసు స్టేషనుకూ పంపుతుంది. అయినా మీ ప్రతిని దుకాణంలో దగ్గరే ఉంచుకోండి. ఆయన మళ్లీ అక్కడికి వస్తే 112కు ఫోను చేసి, వచ్చిన పోలీసులకు దాన్ని చూపించండి.