కేఎల్ నుంచి సింగపూర్ గంటే కదా అనుకునేవాళ్ళకి

ఒరేయ్ నానీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశా. పొద్దున తొమ్మిదిన్నరకి కౌలాలంపూర్లో (అదే, కేఎల్లో) ఫ్లైటు, పదకొండింటికల్లా సింగపూర్లో మా ఇంట్లో ఉంటాం అని రాశావ్, అంత సీన్ లేదురా. దూరం చిన్నదే, కాదన్ను, గాల్లో 300 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళినట్టు. టికెట్ మీద గంటా పావు అలా వేస్తారు గానీ అందులో గాల్లో ఉండేది ముప్పావుగంటే, సీటుబెల్టు లైటు ఆరిందో లేదో మళ్ళీ వెలుగుతుంది, కిటికీలోంచి చూస్తే సముద్రంలో లంగరేసిన ఓడలు కనపడతాయి, అంతే వచ్చేసినట్టే.

టైమంతా తినేసేది నేలమీదే. ఎయిర్‌పోర్టు ఊళ్ళో లేదు, సెపాంగ్‌లో పామాయిల్ తోటల మధ్య ఉంది, 50 కిలోమీటర్ల పైమాటే. ఊళ్ళో ఉన్న పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్లో ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే టెర్మినల్ 1కి 28 నిమిషాలు, 2కి ఇంకో ఐదు. మీది ఎయిర్ ఏషియా కాబట్టి 2 దాకా కూర్చోండి, అందరూ దిగుతున్నారని 1లో దిగిపోకండి. గంట ప్రయాణమే అయినా దేశం దాటుతున్నారు కదా, ఇమిగ్రేషన్ ఉంటుంది, రెండు గంటల ముందే అక్కడుండాలి. హోటల్ గుమ్మం నుంచి మా గుమ్మానికి ఐదు గంటలు లెక్కేసుకో.

అప్పుడు బస్సే నయం కదా అంటావ్. నిజమే, రోడ్డున 350 కిలోమీటర్లు, ఐదారు గంటలు, సీట్లు సోఫాల్లా ఉంటాయి, నువ్వొక్కడివే అయితే నేనూ బస్సే ఎక్కమందును. కానీ ఇమిగ్రేషన్ కోసం మలేషియా చివరి ఊరు జొహోర్ బారులో ఒకసారి దిగాలి, సముద్రం మీది వంతెన దాటాక సింగపూర్ వైపు వుడ్‌లాండ్స్‌లో మళ్ళీ దిగాలి, అక్కడైతే పెట్టెలన్నీ ఈడ్చుకుంటూ స్కానింగ్‌కి వెళ్ళాలి, లేటయితే బస్సు మీకోసం ఆగుతుందన్న గ్యారంటీ లేదు. శుక్రవారం సాయంత్రం, చైనీస్ న్యూ ఇయర్ సెలవులప్పుడు అయితే ఆ వంతెన మీద గంటలు గంటలు జామ్. అక్క మోకాళ్ళతో అదంతా పడలేదు, ఫ్లైటే ఉంచెయ్.

ఫ్లైటులో లగేజీకి మాత్రం ఇప్పుడే ఆన్‌లైన్లో డబ్బు కట్టెయ్, కౌంటర్ దగ్గర వాయించేస్తారు. అక్క ఆవకాయ తెస్తానందట, చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టించు, చేతి సంచీలో పెడితే నూనె ఉందని సెక్యూరిటీలో తీయించేస్తారు.

సింగపూర్ వీసా హైదరాబాద్‌లోనే చేయించుకుని బయల్దేరండి, మలేషియాకి అక్కర్లేదు గదా అని దీనికీ అలాగే అనుకోకు. ఎరైవల్ కార్డు, అంటే వస్తున్నామని ఆన్‌లైన్లో ఇచ్చే ఫారం, రెండు దేశాలకీ విడివిడిగా నింపాలి, దిగే ముందు మూడు రోజుల్లోపు, రెండూ ఫ్రీయే, డబ్బులడిగే సైటు అయితే అది దొంగ సైటే. గడియారం మార్చక్కర్లేదు, రెండు ఊళ్ళకీ ఒకటే టైము, మనకంటే రెండున్నర గంటలు ముందు.

ఇంకోటి, నీ సిగరెట్ల సంగతి నాకు తెలీదనుకోకు. ఇక్కడ ఒక్క ప్యాకెట్‌కి కూడా డ్యూటీ కట్టాల్సిందే. అక్క ముందు బ్యాగు తెరిపిస్తే నన్ననకు.

మీ పిన్ని