పొదుపు గ్రూపు లీడరైన మేనకోడలికి

అమ్మడూ,

పొదుపు గ్రూపుకి నిన్ను లీడర్‌గా పెట్టారని మీ అమ్మ చెప్పింది. "నలుగురిలో నాకు గొంతు పెగలదు, వద్దని అత్తని చెప్పమను" అన్నావట. నేను చెప్పను.

లీడరంటే నోరున్న మనిషని మన ఊళ్ళో ఒక లెక్క. నన్నూ అలాగే పెట్టారు. ఒక నెల ఒకావిడ వాయిదా కట్టలేదని గుమ్మం ముందు నిలబడి అరిచాను. తలుపు తీసింది. చేతిలో తడిగుడ్డ, వెనక మంచం మీద జ్వరంతో పిల్లాడు. మర్నాడు మా సెకండ్ లీడర్, అచ్చం నీలాగే నెమ్మది మనిషి, వెళ్ళి కాసేపు కూర్చుని, ఆ వాయిదాని రెండు భాగాలు చేసి ఒప్పించి వచ్చింది. డబ్బు వచ్చింది. నేను మాత్రం ఆవిడ మొహం చూడలేక చాలా రోజులు వేరే సందులోంచి వెళ్ళాను.

సైకాలజీ పుస్తకాల్లో మనిషి స్వభావాన్ని ఐదు కొలతల్లో చూస్తారట, మా చిన్నోడు చెప్పాడు. నలుగురిలో కలిసిపోవడం ఒకటి, పనిలో పట్టింపు ఇంకొకటి. మొదటిది నీకు తక్కువే. పాలవాడి లెక్క క్యాలెండర్ మీద రోజూ రాసేదానివి, రెండోదానికి కొదవేముంది? గ్రూపుకి కావలసింది అదే.

పైగా పని మీద పడితే స్వభావమూ కొంత కదులుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది గడప దాటి మాట్లాడటం అలవాటు లేని ఆడవాళ్ళే. ఆ జిల్లాలోనే తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలైంది.

మీటింగ్‌లో ఉపన్యాసం ఇవ్వకు. పుస్తకం తెరిచి ఒక్కొక్కరి పొదుపు, అప్పు, బాకీ చదువు. సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి. అయితే నెమ్మది మనుషులకి ఒక జబ్బుంది, కాదనలేరు. ఎవరైనా పక్కకి పిలిచి "నా లోన్ ముందు పెట్టించు" అంటే, "గ్రూపులో అడిగి చెప్తాను" అను. ఆ ఒక్క ముక్క ఇంట్లో నాలుగుసార్లు పైకి అనుకో. ఏమీ రాయని తీర్మానం కాగితం మీద మాత్రం ఎవరు బతిమాలినా సంతకం పెట్టకు.

ఇంకోటి, ఆ లీడరుతనం మీటింగ్ దగ్గరే వదిలేసి ఇంటికి రా. నేను వదల్లేదు. కూరలో ఉప్పు తక్కువైనా "తీర్మానం చేశావా?" అని మీ మావయ్య ఇప్పటికీ వెక్కిరిస్తారు.

మొదటి మీటింగ్‌కి పెన్నులు రెండు పట్టుకెళ్ళు. ఒకటి ఎవరో తీసుకుంటారు, తిరిగి ఇవ్వరు.

మీ అత్త