సివిల్ మధ్యలో మానేసి ఆర్కిటెక్చర్‌లో చేరాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. ఇటలీలో ఉర్బినో అనే ఊరిని బాగుచేసిన ఆర్కిటెక్ట్ గురించి చదివాడట. అప్పటి నుంచి సివిల్ మానేస్తానంటున్నాడు. మాకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ వాడు చదివింది జాన్‌కార్లో డి కార్లో గురించే అయి ఉంటుంది. ఆయన కూడా ముందు ఇంజినీరే. 1943లో మిలాన్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేశాకే వెనిస్ వెళ్లి ఆర్కిటెక్చర్ చదివారు. 1949లో ఆ పట్టా చేతికొచ్చేసరికి ముప్పయ్యేళ్లు దగ్గరపడ్డాయి. ముందు ఈ సంగతి అబ్బాయికి చెప్పండి.

ఉర్బినోకు ఆయన 1958 నుంచి 1964 దాకా ప్లాన్ వేశారు. కొండ మీది పాత ఊరు అది. అక్కడి యూనివర్సిటీ కోసం ఒక పాత క్రైస్తవ మఠాన్ని కాలేజీగా మార్చిన తీరు చూడండి: వీధిలోంచి చూస్తే పాత ఇటుక గోడలే. లోపలికెళ్తే అర్ధచంద్రాకారంలో పెద్ద హాలు, పైన ఏటవాలు గాజు కప్పు. 15వ శతాబ్దంలో గుర్రాలు ఎక్కడానికి కట్టిన మెలికల దారి ఒకటి పూడిపోయి ఉంటే, దాన్నీ బయటికి తీశారు. ఇవాళ కింద కారు ఆపినవాళ్లు ఆ దారినే ఊళ్లోకి ఎక్కుతారు. ఇటలీలోనే తెర్ని అనే ఊళ్లో ఉక్కు కార్మికులకు ఇళ్లు కట్టేటప్పుడైతే, ఎలాంటి ఇల్లు కావాలో ఆ కుటుంబాలనే కూర్చోబెట్టి అడిగారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇక మీ అబ్బాయి విషయం. సివిల్ మానిపించొద్దు. ఇంకా ఏడాదిన్నరే కదా. నగరాల ప్లానింగ్ మీద మనసుంటే, సివిల్ చదివినవాళ్లు గేట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.ప్లాన్‌లో, అంటే ప్లానింగ్ పీజీలో చేరొచ్చు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఆ కోర్సు ఉంది. అలా కాకుండా ఆర్కిటెక్ట్‌గానే పనిచేయాలంటే మాత్రం దగ్గరదారి లేదు. ఆర్కిటెక్చర్ డిగ్రీ బీ.ఆర్క్ కోసం నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ మెయిన్‌లో బీ.ఆర్క్ పేపర్ గానీ రాసి, ఐదేళ్లు చదివి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కావాలి. ఖర్చు, వయసు రెండూ లెక్కేసుకోండి.

ఏది ఎంచుకోవాలో తేలకపోతే, ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఒక పాత మండువా ఇల్లు చూపించి, టేపు, పుస్తకం ఇచ్చి పంపండి. కొలతలు తీసి గీయమనండి. ఆ ఇంట్లోవాళ్లతో వాన నీళ్లు ఎటు పోతాయి, వేసవిలో ఎక్కడ పడుకుంటారు అని మాట్లాడి రమ్మనండి. తిరిగొచ్చాక గీసిన బొమ్మలు విప్పి గంటలకొద్దీ చూపిస్తుంటే బీ.ఆర్క్ గురించి ఆలోచించవచ్చు. ఆ ఇంటివాళ్ల గురించి, ఆ వీధి గురించి ఆపకుండా చెబుతుంటే గేట్ పుస్తకాలు కొనిపెట్టండి.