తవ్వకాల్లో గ్యాస్ పైపులు తెగకుండా చూడడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుందా?

అమెరికాలో ఇస్తుంది. తవ్వకాల ప్రమాదాలు తగ్గించే పనులకు 2006 నాటి చట్టం కింద అక్కడి కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇస్తోంది. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే చాలు, పైపు ఎక్కడుందో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

మన కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు చోటు నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది.

మియాపూర్‌లో మా సందులో జేసీబీ పన్ను తగిలి గ్యాస్ పైపు చీలింది. బుస్సుమని ఒకటే శబ్దం. పొయ్యిలు ఆర్పి, పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తాం. పైపు మీద పరిచిన హెచ్చరిక టేపు అంతకుముందే మట్టిలో బయటపడింది, కానీ అదేమిటో ఆపరేటర్‌కు తెలియదు. నన్నడిగితే, ముందు డబ్బు పెట్టాల్సింది ఆపరేటర్ల శిక్షణకే. మీ వీధిలో గుంత తీస్తుంటే, యాప్‌లో నమోదు చేశారా అని కాంట్రాక్టర్‌ను అడగండి.